సెలవు మీద వచ్చే సైనికులకు డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్: ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయించుకోవాలి

సైన్యంలో పనిచేస్తూ లేహ్‌లోనో, తేజ్‌పూర్‌లోనో, జోధ్‌పూర్‌లోనో ఉంటున్న నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వారికి డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్‌లో చిక్కంతా తేదీల దగ్గరే వస్తుంది. కాగితాలు తక్కువే, రుసుమూ తక్కువే, గడువులోపు వస్తే పరీక్ష కూడా ఉండదు. అయితే లైసెన్సు ముగిసే తేదీకి, మీకు దొరికే సెలవుకు పొంతన కుదరడం అరుదు. అందుకే ఈ పనిని సెలవు దరఖాస్తు పెట్టే రోజు నుంచే మొదలుపెట్టాలి.

కార్డు మీది తేదీ

ముందుగా కార్డు తీసి చెల్లుబాటు తేదీ చూడండి. సొంత బండ్లకు సంబంధించిన నాన్ ట్రాన్స్‌పోర్ట్ తేదీ ఒకటి, లారీ, బస్సు వంటి అద్దె వాహనాలకు కావలసిన ట్రాన్స్‌పోర్ట్ అర్హత కూడా ఉంటే దాని తేదీ మరొకటి, వేర్వేరుగా అచ్చయి ఉంటాయి. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సు ప్రస్తుతం ఐదేళ్లకు ఇస్తారు కాబట్టి సాధారణంగా అదే ముందు ముగుస్తుంది. చాలామంది రెండో తేదీ చూసుకుని మొదటిది మరిచిపోతారు, లేదా మొదటిది చూసుకుని రెండోది మరిచిపోతారు.

2019 సెప్టెంబర్ 1కి ముందు ఇచ్చిన నాన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సులు 20 ఏళ్ల వరకు గానీ, 50 ఏళ్ల వయసు వచ్చేవరకు గానీ, ఏది ముందైతే అంతవరకే చెల్లుతాయి. 2006లో ఇరవై ఏళ్ల వయసులో భర్తీకి వెళ్లే ముందు మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో మోటారు సైకిల్ నేర్చుకుని లైసెన్సు తీసుకున్న కుర్రవాడు ఇప్పుడు హవల్దారో నాయబ్ సుబేదారో అయి ఉంటాడు, అతని లైసెన్సు 2026తో ముగుస్తుంది. మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ 2019 సెప్టెంబర్‌లో అమల్లోకి వచ్చాక లెక్క మారింది. లైసెన్సు ఇచ్చే నాటికో, రెన్యువల్ నాటికో 30 ఏళ్లు నిండనివారికి 40 ఏళ్ల వయసు వరకు, 30 నుంచి 50 మధ్య ఉన్నవారికి పదేళ్లకు, 50 నుంచి 55 మధ్యవారికి 60 ఏళ్ల వయసు వరకు, ఆపైన ఐదేసి ఏళ్లకు ఇస్తున్నారు. ఈ లెక్కన సవరణ తర్వాత పద్దెనిమిదేళ్లకు లైసెన్సు తీసుకుని అగ్నివీర్‌గా చేరిన యువకునికి తన నాలుగేళ్ల సర్వీసులో నాన్ ట్రాన్స్‌పోర్ట్ రెన్యువల్ ఊసే ఉండదు.

గడువు ముగిశాక ఏమవుతుందన్న విషయంలో యూనిట్లలో ఇంకా పాత మాటే వినిపిస్తుంది. లైసెన్సు ముగిసినా 30 రోజుల వరకు బండి నడపవచ్చని పాత చట్టం అనేది, కానీ 2019 సవరణలో ఆ వెసులుబాటును తీసేశారు. ఇప్పుడు గడువుకు ముందు ఏడాది, గడువు తర్వాత ఏడాది, ఈ రెండేళ్ల వ్యవధిలో ఎప్పుడైనా పరీక్ష లేకుండా రెన్యువల్‌కు దరఖాస్తు చేయవచ్చు. తర్వాతి ఏడాది దరఖాస్తుకు మాత్రమే పనికొస్తుంది, బండి నడపడానికి పనికిరాదు. ఆ మధ్యలో నడిపితే లైసెన్సు లేకుండా నడిపినట్టే లెక్క. దానికి చట్టంలో 5,000 రూపాయల జరిమానా ఉంది. ప్రమాదం జరిగితే, బాధితులకు కట్టిన పరిహారాన్ని బీమా సంస్థ బండి యజమాని నుంచే వసూలు చేసుకునే పరిస్థితి వస్తుంది. పదవీ విరమణ తర్వాత డ్రైవర్ ఉద్యోగాలకు వెళ్లాలనుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే మధ్యలో తెంపు లేకుండా లైసెన్సు ఉండాలని అడిగే నోటిఫికేషన్లు ఉంటాయి.

ఏ సెలవులో చేయాలి

జవాన్లకు, జేసీవోలకు (నాయబ్ సుబేదార్ నుంచి పై హోదాల జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు) ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి, అగ్నివీర్లకు 30 రోజులే. గడువుకు ముందున్న ఏడాదిలో మీకు వచ్చే మొదటి సెలవులోనే ఈ పని ముగించాలని గట్టిగా చెబుతాను. తర్వాతి సెలవులో చూసుకుందామని ఊరుకుంటే, ఆ సెలవు ఆపరేషన్ వల్లనో కోర్సు వల్లనో బదిలీ వల్లనో వాయిదా పడవచ్చు. ముందుగా చేయించుకుంటే కొన్ని నెలలు నష్టపోతామన్న సందేహం కొందరికి ఉంటుంది. కొత్త గడువును రెన్యువల్ అయిన రోజు నుంచే లెక్కిస్తారు కాబట్టి ఆ నష్టం నిజమే, కానీ పదేళ్ల కార్డులో నాలుగైదు నెలలు పోవడం పెద్ద విషయం కాదు.

దసరాకు, సంక్రాంతికి సెలవు పెట్టుకుని వచ్చేవారు ఇంకో సంగతి గమనించాలి. బతుకమ్మ, దసరా రోజుల్లో ప్రభుత్వ సెలవులు వరుసగా వస్తాయి, పండుగ అయ్యాక కార్యాలయం తెరిచేసరికి స్లాట్లు నిండి ఉంటాయి. కాబట్టి యూనిట్‌లో ఉండగానే, ప్రయాణానికి ముందే స్లాట్ తీసుకుని, అది సెలవులోని మొదటి వారంలో పడేలా చూసుకోండి. కాగితం ఒకటి తక్కువై వెనక్కి పంపినా రెండోసారి వెళ్లడానికి రోజులు మిగులుతాయి.

ఐక్యరాజ్యసమితి శాంతి దళంలోకో, మరే విదేశీ నియామకానికో వెళ్లేవారు బయలుదేరే ముందే పని పూర్తి చేసుకోవాలి.

నలభైకి దగ్గరపడుతున్న వారికి ఇంకొక లెక్క ఉంది. నాన్ ట్రాన్స్‌పోర్ట్ రెన్యువల్‌కు 40 ఏళ్లు నిండనివారు ఫారం 1లో తమ ఆరోగ్యం గురించి స్వీయ ప్రకటన ఇస్తే చాలు, 40 నిండినవారు ఫారం 1ఏలో వైద్యుని ధ్రువపత్రం తేవాలి. ముందస్తు ఏడాది తెరుచుకున్నాక, పుట్టినరోజుకు ముందే దరఖాస్తు చేసే వీలుంటే ఆ తిరుగుడు తప్పుతుంది. ట్రాన్స్‌పోర్ట్ లైసెన్సుకైతే వయసుతో నిమిత్తం లేకుండా ఫారం 1ఏ కావలసిందే.

సొంత జిల్లాలోనా, పనిచేసే చోటా

చట్టం ప్రకారం లైసెన్సును ఏ లైసెన్సింగ్ అధికారి అయినా రెన్యువల్ చేయవచ్చు. మొదట ఇచ్చిన కార్యాలయం వేరైతే, రెన్యువల్ చేసినవారే ఆ సంగతి అక్కడికి తెలియజేయాలి. కాబట్టి నల్లగొండలో తీసుకున్న లైసెన్సును పఠాన్‌కోట్‌లో రెన్యువల్ చేయడానికి చట్టపరంగా అడ్డు లేదు.

ఆచరణలో అడ్డు ఉంది. దేశంలోని చాలా రాష్ట్రాలు కేంద్రం నడిపే సారథి పోర్టల్‌లో లైసెన్సు వివరాలు పెట్టుకోగా, తెలంగాణ రవాణా శాఖ చాలా ఏళ్లు తన సొంత సాఫ్ట్‌వేర్‌తో నడిచింది. దీనివల్ల ఇతర రాష్ట్రాల కార్యాలయంలో మన పాత లైసెన్సు నంబరు కొడితే వివరాలు కనిపించకపోవచ్చు. అప్పుడు వారు తెలంగాణ నుంచి నిరభ్యంతర పత్రమో, లైసెన్సు వివరాల ధ్రువీకరణో తెమ్మంటారు, దానికి మళ్లీ ఊరికే రావాలి. పనిచేసే చోట చేయించుకోవాలనుకుంటే ముందుగా సారథి పోర్టల్‌లో మీ నంబరు, పుట్టిన తేదీ కొట్టి చూడండి. వివరాలు సరిగా వస్తే అక్కడే చేయించుకోవచ్చు. రాకపోతే యూనిట్ పక్కనున్న ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగడం మానేసి సెలవు కోసం ఆగడం మంచిది.

పనిచేసే చోట దరఖాస్తుకు అక్కడి చిరునామా రుజువు కావాలి. 56 ఏపీఓ, 99 ఏపీఓ వంటి ఫీల్డ్ పోస్టాఫీసు చిరునామా ఉత్తరాలకు పనికొస్తుంది గానీ, నివాసానికి రుజువు కాదు. ఫ్యామిలీ క్వార్టర్ ఉన్నవారు క్వార్టర్ కేటాయింపు పత్రం, కమాండింగ్ ఆఫీసర్ సంతకంతో నివాస ధ్రువీకరణ, పే స్లిప్పు జతచేయాలి. ప్రభుత్వ కార్యాలయం ఇచ్చిన పే స్లిప్పును కేంద్ర మోటారు వాహనాల నియమాలు రుజువుగా గుర్తించాయి, కౌంటర్ దగ్గర వాదన వస్తే ఆ మాట మర్యాదగా చెప్పవచ్చు. కుటుంబం లేకుండా బ్యారక్‌లో ఉండే జవానుకు సొంత జిల్లాలో చేయించుకోవడమే అన్ని విధాలా తేలిక.

జిల్లాలు విడిపోయిన సంగతి కొందరిని తికమకపెడుతుంది. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చాక పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, 2019లో నారాయణపేట వేరయ్యాయి. కోదాడ మనిషి చేతిలో నల్లగొండ ఇచ్చిన పాత కార్డు, అచ్చంపేట మనిషి చేతిలో మహబూబ్‌నగర్ ఇచ్చిన కార్డు ఉండడం మామూలే. కార్డు మీద ఏపీ అని ఉన్నా, టీఎస్ అని ఉన్నా, 2024 నుంచి వచ్చిన టీజీ లేకపోయినా అది చెల్లుతుంది. ఇప్పుడు మీ ఊరు ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా రవాణా కార్యాలయంలో స్లాట్ తీసుకోండి.

కాగితాలు, పేరులోని తేడా

పాత లైసెన్సు, ఆధార్, చిరునామా రుజువు, అవసరమైతే ఫారం 1ఏ, ఇవే ముఖ్యమైనవి. దరఖాస్తు ఫారం 2లో ఉంటుంది, ఆన్‌లైన్‌లో వివరాలు నింపితే అదే తయారవుతుంది. సైనిక గుర్తింపు కార్డు వెంట ఉండాలి గానీ, దాని నకళ్లు ఎక్కడా ఇవ్వకండి, వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి.

పేరు దగ్గరే ఎక్కువమంది ఆగిపోతారు. మన ఇంటిపేరు లైసెన్సు మీద పొడి అక్షరంగా ఉంటుంది, పదో తరగతి మెమోలో పూర్తిగా ఉంటుంది, సర్వీసు రికార్డులో అదే ఇంటిపేరు పేరు చివరికి వెళ్లిపోయి ఉంటుంది, ఆధార్‌లో ఈ మూడింటిలో ఏదో ఒక రూపం ఉంటుంది. రెన్యువల్‌కు అసలు చూసేది ఆధార్‌కు, పాత లైసెన్సుకు మధ్య పొంతన. పొడి అక్షరం విడిపోయినంత మాత్రాన సాధారణంగా ఇబ్బంది ఉండదు. పుట్టిన తేదీ వేరుగా ఉంటే మాత్రం ముందు దాన్ని సరిచేయించుకోవాలి. ఆ తేదీ సర్వీసు రికార్డుకు, పెన్షన్‌కు ముడిపడినది కాబట్టి, లైసెన్సుకు సరిపోవడం కోసం ఆధార్‌ను మార్చకుండా, సర్వీసు రికార్డులో ఉన్న తేదీకే మిగతావన్నీ తెచ్చుకోండి.

ఫారం 1ఏ విషయంలో ఒక అపోహ ఉంది. యూనిట్‌లో జరిగే వార్షిక వైద్య పరీక్షలో షేప్ 1, అంటే పూర్తి ఆరోగ్యవంతుల శ్రేణి, వచ్చిందన్నది లైసెన్సుకు ధ్రువపత్రం కాదు. ఫారం 1ఏ మీద సంతకం చేయాల్సింది రాష్ట్ర ప్రభుత్వం అందుకు నియమించిన రిజిస్టర్డ్ వైద్యుడు. కాబట్టి మిలిటరీ ఆసుపత్రిలో నింపించుకుని రావడం కంటే, ఊరికి వచ్చాక ఇక్కడే ప్రభుత్వ వైద్యుని దగ్గర పరీక్ష చేయించుకుని తీసుకోవడం నిశ్చింత. కళ్లద్దాలు వాడేవారు వాటిని పెట్టుకునే వెళ్లాలి.

దరఖాస్తు, ఓటీపీ

తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్ ఎంచుకుని, లైసెన్సు నంబరు, పుట్టిన తేదీ ఇచ్చి, ఫోన్‌కు వచ్చే ఓటీపీతో ముందుకు వెళ్లి, రుసుము కట్టి, రోజూ సమయమూ ఎంచుకోవాలి. కేంద్ర నియమాల్లో రెన్యువల్ రుసుము 200 రూపాయలు, స్మార్ట్ కార్డుకు మరో 200, వీటిపైన రాష్ట్ర సర్వీసు ఛార్జీ కలుస్తుంది. చివరి మొత్తం తెర మీద కనిపిస్తుంది, అంతకు మించి ఎవరికీ ఇవ్వనక్కరలేదు. కార్యాలయం గేటు బయట ఏజెంట్లు ఉంటారు, కానీ పరీక్ష లేని పనికి వారి అవసరం ఏమిటో నాకు అర్థం కాదు. కంప్యూటర్ అలవాటు లేకపోతే మీ సేవ కేంద్రంలో నింపించుకోండి.

ఈ దశలో సైనికులను ఆపేది ఓటీపీ. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో, లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్‌వే పనిచేస్తాయి. నల్లగొండలో తీసుకున్న ప్రీపెయిడ్ నంబరు ఆధార్‌కు ముడిపడి ఉంటే, బారాముల్లాలో కూర్చుని స్లాట్ తీసుకోవడం కుదరదు. ఆ నంబరును పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకోవడం ఒక మార్గం. ఆ సిమ్‌ను ఇంట్లోవారి దగ్గర ఉంచి, ఓటీపీ వచ్చినప్పుడు ఫోన్‌లో చెప్పించుకోవడం మరొక మార్గం, కానీ అది ఇంట్లోవారి మధ్యే ఉండాలి. వాడకుండా వదిలేసిన పాత నంబరు ఆధార్‌కు ఉండిపోతే, సెలవులో మొదటి రోజే ఆధార్ కేంద్రానికి వెళ్లి కొత్త నంబరు ఎక్కించుకోండి.

ఆధార్ ధ్రువీకరణతో కార్యాలయానికి వెళ్లకుండానే పొందగల సేవల్లో, పరీక్ష అవసరం లేని లైసెన్సు రెన్యువల్‌ను కేంద్రం 2021లో చేర్చింది. మీ దరఖాస్తులో ఆ అవకాశం కనిపిస్తే వాడుకోండి, కనిపించకపోతే స్లాట్ మార్గమే. రవాణా శాఖ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లను (తెరిస్తే ఫోన్‌లో యాప్‌ను ఎక్కించేవి) మాత్రం తెరవకండి. సైనికుని ఫోన్‌లోకి అలాంటిది చొరబడితే పోయేది బ్యాంకు డబ్బు ఒక్కటే కాదు.

స్లాట్ రోజు, ఆ తర్వాత

స్లాట్ రోజున అసలు కాగితాలతో మీరే వెళ్లాలి. అక్కడే ఫోటో, సంతకం, వేలిముద్ర తీసుకుంటారు కాబట్టి భార్యనో తమ్ముణ్నో పంపితే పని జరగదు. యూనిఫాంలో వెళ్లకండి, లైసెన్సు మీద మామూలు దుస్తుల ఫోటోనే ఉండాలి. బయటికి వచ్చే ముందు తెర మీద పేరు, పుట్టిన తేదీ, చిరునామా, వాహన తరగతులు ఒకసారి చదువుకోండి. పాత కార్డులో ఉన్న తరగతి ఒకటి కొత్తదాంట్లో జారిపోతే, తర్వాత దాన్ని ఎక్కించడానికి ఇంకో సెలవు ఖర్చవుతుంది.

కార్డును చేతికి ఇవ్వరు, స్పీడ్ పోస్టులో ఇంటికి పంపుతారు. అప్పటికి మీరు రైలెక్కి ఉండవచ్చు. ఇంట్లో ఎవరూ లేకపోతే కవరు తిరిగి కార్యాలయానికి వెళ్లిపోతుంది. దేవరకొండ దగ్గరి తండాలోనో, మక్తల్ దగ్గరి పల్లెలోనో చిరునామా సరిగా రాయకపోతే కూడా అదే జరుగుతుంది. అందుకే ఇంటి నంబరు, గ్రామం, మండలం, పిన్‌కోడ్ సరిచూసుకుని, ఊరి పోస్ట్‌మ్యాన్‌కు ఒక మాట చెప్పి, నాన్నకో అన్నకో స్పీడ్ పోస్టు నంబరు ఇచ్చి వెళ్లండి. ఈలోగా రికార్డు మారాక డిజిలాకర్‌లో కొత్త లైసెన్సు దించుకోవచ్చు. దానికి అసలు కార్డుతో సమానంగా గుర్తింపు ఉంది కాబట్టి ఇతర రాష్ట్రాల పోలీసులకు కూడా చూపవచ్చు. ఫోన్ అనుమతించని చోట్ల పనిచేసేవారు మాత్రం కార్డు వచ్చేదాకా బండి ముట్టకపోవడం మేలు.

గడువు దాటిపోతే

గడువు ముగిసి ఏడాది లోపే అయితే పద్ధతి అంతా ఇదే, ఆలస్య రుసుము పడితే అది కలుస్తుంది. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష తప్పదు. అప్పుడు కొత్తగా లెర్నర్ లైసెన్సు తీసుకోమంటారు. లెర్నర్ లైసెన్సు తీసుకున్నాక కనీసం 30 రోజులు గడిస్తేనే పరీక్షకు అనుమతిస్తారు. అంటే క్యాజువల్ లీవు ఎంత మిగిలి ఉన్నా ఒక విడతలో పని ముగియదు. ఇలాంటివారు వార్షిక సెలవు మొదట్లోనే లెర్నర్ తీసుకుని, అదే సెలవు చివర్లో పరీక్ష పడేలా చూసుకోవాలి. అది కుదరకపోతే, లెర్నర్ ఆరు నెలలు చెల్లుతుంది కనుక, ఈ సెలవులో లెర్నర్, ఆరు నెలల్లోపు వచ్చే సెలవులో పరీక్ష పెట్టుకోవచ్చు. సరిహద్దులో చిక్కుకుపోయామన్న కారణంతో పరీక్ష మినహాయించమని అడిగి సమయం వృథా చేసుకోకండి, చట్టంలో అధికారికి అలాంటి విచక్షణ లేదు.

కుటుంబ సభ్యులు

మీ భార్య ఊళ్లోనే ఉంటే ఆమె రెన్యువల్‌కు మీ సెలవుతో పని లేదు, ఆమె స్లాట్ తీసుకుని వెళ్లివస్తే సరిపోతుంది. మీతోపాటు క్వార్టర్‌లో ఉంటే, పైన చెప్పిన సారథి చిక్కు ఆమెకూ వర్తిస్తుంది. పెళ్లికి ముందు పుట్టింటి చిరునామాతో లైసెన్సు తీసుకున్నవారు రెన్యువల్‌తో పాటే చిరునామా మార్పు కూడా కోరితే రెండుసార్లు తిరగనక్కరలేదు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో కుటుంబాన్ని ఉంచినవారికి తిరుమలగిరి రవాణా కార్యాలయం దగ్గర. పద్దెనిమిది నిండిన పిల్లలకు కొత్త లైసెన్సు తీయించేటప్పుడు, నాలుగేళ్లలో మీరు ఎక్కడ ఉంటారో తెలియదు కాబట్టి, క్వార్టర్ చిరునామాకు బదులు ఊరి చిరునామా పెట్టడమే నా సలహా.

బండి రిజిస్ట్రేషన్ దీనికి సంబంధం లేని వేరే వ్యవహారం. సైనికులకు అర్హత ఉన్న బీహెచ్ సిరీస్ నంబరు బండికే గానీ, లైసెన్సుకు అలాంటిదేమీ లేదు.

ఆర్మీ ఇచ్చిన లైసెన్సు ఉన్నవారు

ఎం.టి. (మెకానికల్ ట్రాన్స్‌పోర్ట్) డ్రైవర్లుగా, అంటే సైన్యం వాహనాలు నడిపేవారిగా పనిచేసేవారికి మోటారు వాహనాల చట్టం 18వ సెక్షన్ కింద సైన్యమే లైసెన్సు ఇస్తుంది. అది దేశమంతా చెల్లుతుంది, కానీ రక్షణ అవసరాలకు వాడే ప్రభుత్వ వాహనాలకే. పదిహేనేళ్లు సియాచిన్ దారిలో లారీ నడిపినవారు సెలవులో నాగార్జునసాగర్ రోడ్డు మీద సొంత స్కూటర్ నడపాలన్నా సివిల్ లైసెన్సు ఉండాల్సిందే. ఆర్మీ లైసెన్సు రెన్యువల్ అవుతూ ఉంది కదా అని సివిల్ లైసెన్సును పట్టించుకోక పోగొట్టుకున్నవారు తక్కువేమీ కాదు.

అదే ఆర్మీ లైసెన్సు వల్ల ఒక మేలు కూడా ఉంది. 18వ సెక్షన్ లైసెన్సు ఉన్నవారికి, అదే తరగతి వాహనానికి సివిల్ లైసెన్సు ఇచ్చేటప్పుడు డ్రైవింగ్ పరీక్ష అవసరం లేదని చట్టంలోని 9వ సెక్షన్ చెబుతుంది. హెవీ వాహనాలు నడిపినవారికి ఇది చాలా విలువైన వెసులుబాటు, పదవీ విరమణ తర్వాత బస్సు, లారీ ఉద్యోగాలకు దారి ఇదే. దీనికి ఆర్మీ లైసెన్సు అసలు ప్రతి, ఏ తరగతి వాహనాలు ఎన్నాళ్లు నడిపారో తెలిపే యూనిట్ ధ్రువపత్రం, ఫారం 1ఏ కావాలి. డిశ్చార్జి అయి ఊరికి వచ్చాక యూనిట్ నుంచి ఈ పత్రం తెప్పించుకోవాలంటే ఉత్తరాలతో నెలలు గడిచిపోతాయి. కాబట్టి చివరి ఆరు నెలల్లో, యూనిట్ క్లర్కు ఇంకా మీ ఎదుటే ఉన్నప్పుడు, కమాండింగ్ ఆఫీసర్ సంతకం, ముద్ర వేయించి తీసుకోండి. ఇక్కడి కార్యాలయంలో ఆ మినహాయింపు గురించి తెలియదంటే సెక్షన్ నంబరు రాసి లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇవ్వండి, దాని నకలును జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో కూడా అందజేయండి.